మోక్షగుండము విశ్వేశ్వరయ్య

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములనుండి కోఠీకి పోవువారెవ్వరైనను మూసీనదిని దాటక తప్పదు. మీలో పెక్కుమంది మెట్రో రైలులో కిటికీచెంత నిలుచుండి మలకుపేట దాటినపిమ్మట ఆ నదిని చూచియే యుందురు. ఏడాదిలో ఎక్కువ దినములు అందు సన్నని నల్లనినీరు పారుచుండును. ఇంత చిన్న యేటిపై ఇంత పెద్ద వంతెన లెందులకని చిన్నపిల్లలు తల్లిదండ్రుల నడుగుటయు కలదు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము 1908వ సంవత్సరమున కలదు. ఆ సంవత్సరము జరిగిన యొక ఘోరమును, దానికి మందు వెదకుటకై వచ్చిన యొక ఇంజనీరును గూర్చి తెలిసికొందము.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగెను. అంతకు ముందు రెండు దినములనుండి ఎడతెగని వాన. నగరమునకు ఎగువనున్న శంషాబాదులో ఒక్కదినమున పండ్రెండంగుళములకు మించి వర్షము కురిసెను. మూసీ పరీవాహక ప్రదేశమందు ఆనాడు 788 చెఱువులుండెడివి. వానిలో 221 చెఱువులకు గండ్లు పడెను. ఒక చెఱువు కట్ట తెగినంతనే ఆ నీరు దిగువ చెఱువుపై పడి దాని కట్టను తెంపెను. ఆ రెండింటి నీరును మూడవదానిపై పడెను. ఇట్లు చెఱువువెంట చెఱువు తెగి, ఆ జలమంతయు నొక్కటై నగరముపై విరుచుకొని పడెను. అఫ్జలుగంజి, చాదర్‌ఘాటు వంతెనలు దెబ్బతినెను. నదీతీరమందలి పేటలు పేటలే కొట్టుకొనిపోయెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమందున్న యొక చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టును పెద్దలు నేటికిని చూపుదురు.

అప్పటి నిజాము, ఆఱవవాడైన మీర్ మహబూబు అలీఖాను. ఆయన ప్రభుత్వమునకు మూడు పనులు ఒక్కసారిగా మీదపడెను. కూలిన నగరమును తిరిగి నిర్మింపవలెను. ఇట్టి వఱద మరల రాకుండ కాపాడుకొనవలెను. మురుగు నిలిచి రోగములు ప్రబలుచున్న వీధులకు భూగర్భమున కాలువలు వేయవలెను. మూడును అత్యవసరములే. ఏది ముందు, ఏది వెనుక? దీనిని తేల్చగలవాని కొఱకు వెదకి, ఆ ప్రభుత్వమువారు ఇటలీదేశమున సంచరించుచున్న యొక భారతీయునకు తంతి పంపిరి. ఆయనయే మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు.

విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15వ తేదీన మైసూరు రాజ్యమున చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళి యను పల్లెలో జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. వీరి పూర్వులు తెలుగువారు. నేటి ఆంధ్రప్రదేశమున గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము గ్రామమునుండి కన్నడదేశమునకు వలసపోయినవారు. ఇంటిపేరుగా ఊరిపేరు నిలిచినది.

బాల్యముననే తండ్రి గతించుటచే కుటుంబమును పేదఱికము పట్టుకొనెను. బెంగుళూరులోని మేనమామ ఆశ్రయమున సెంట్రల్ కళాశాలలో చదువుచు, తన ఖర్చులకై యొక సంపన్నుని ఇంట పిల్లలకు పాఠములు చెప్పుచుండిరి. భోజనము ఒకచోట, పాఠములు చెప్పుట వేఱొకచోట, కళాశాల మఱియొకచోట. ఈ మూడింటి నడుమ కాలినడకయే గతి. మార్గమున పోవు సమయము, పిల్లలకు చెప్పు సమయము పోగా, తన చదువునకు మిగులునది స్వల్పము. కాలమును లెక్కించుకొను అభ్యాసము వారికి గ్రంథములవలన గాక ఈ యిరుకు జీవితమువలన అబ్బినదని నేను తలంతును. 1881లో బి.ఏ. పట్టము నొంది, మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పూనాలోని విజ్ఞాన కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణులైరి. మఱుసటి సంవత్సరముననే బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయక ఇంజనీరు పదవి లభించెను.

బొంబాయి కొలువున వారు చేసిన పనులు చాలగలవు. సింధుదేశమున సుక్కూరు పట్టణమునకు మంచినీరు కావలసివచ్చెను. సింధునది నీరు మిక్కిలి బురద. దానిని వడకట్టుటకు తగినంత ధనము పురపాలక సంఘమువద్ద లేదు. అప్పుడు విశ్వేశ్వరయ్యగారు నదీగర్భమందే ఇసుకలో బావి త్రవ్వించి, ఇసుకనే వడపోతగా వినియోగించి స్వచ్ఛమైన నీటిని రాబట్టిరి. పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో తాము కల్పించిన స్వయంచాలక ద్వారములను అమర్చిరి. నీరు నిర్ణీతమట్టమును మించినంతనే ఆ తలుపులు తమంతట తామే తెరచుకొని, మట్టము తగ్గినపిమ్మట తిరిగి మూసికొనును. కట్టను పెంచకయే జలాశయమందు ఎక్కువ నీటిని నిలుపగలిగిరి.

దక్కను కాలువలక్రింద వారు ప్రవేశపెట్టిన పద్ధతి మన పాఠమునకు మఱింత సన్నిహితము. అంతకు పూర్వము కాలువ నీటిని ఎవరికి తోచినట్లు వారు వాడుకొనుచుండిరి. కాలువ మొదట నున్నవాడు చెఱకు తడిపి తడిపి చవుడు పట్టించును. చివర నున్నవానికి జొన్నకైనను నీరందదు. విశ్వేశ్వరయ్యగారు భూమిని ఖండములుగా విభజించి, ఏ ఖండమునకు ఏ కాలమున ఎంత నీరో ముందే నిర్ణయించి, పైరులను వంతులవారీగా మార్చు ఏర్పాటు చేసిరి. రైతులు మొదట సందేహించిరి. పత్రికలలో వాదోపవాదములు జరిగెను. కాని నీరు చివరి పొలమువఱకు చేరుట కన్నులార చూచిన పిమ్మట ఆ వాదములు సద్దుమణిగెను. నీరు ఎంత యున్నదని కాక, మొదట ఎవనికి ఈయవలెనో ఎఱుగుట వారి విద్యయందలి ముఖ్యాంశము.

1908లో, ఇంకను పదవీకాలముండగనే, వారు స్వచ్ఛందముగా బొంబాయి కొలువును విడిచిరి. తమకంటె పై అధికారులను దాటి వారికి పదోన్నతు లీయబడినను, ఆనాటి పరిస్థితులలో భారతీయునకు అత్యున్నత స్థానము దక్కుట దుర్లభము. పిమ్మట విదేశములు చూడబోయిరి. ఆ సంచారముననే హైదరాబాదు తంతి వారికందెను. యాత్ర ముగించుకొనియే వత్తునని వారు తెలిపిరి. నిజాము ప్రభుత్వము వేచియుండుటకు అంగీకరించెను. ఆపదలోనున్న నగరమును కొన్నినెలలు వేచియుండుమనుట కఠినమని మీకు తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచెను. కాని ఆ సంచారమున వారు ఐరోపా, అమెరికా దేశములలోని నీటిపనులను, మురుగుకాలువలను పరిశీలించుచుండిరి. ఆ పరిశీలనము వ్యర్థము కాలేదు.

1909 ఏప్రిలులో వారు హైదరాబాదు చేరిరి. జనులందఱు వెంటనే గోడలు లేచుననియు, వంతెనలు పూర్తియగుననియు ఎదురుచూచుచుండిరి. విశ్వేశ్వరయ్యగారు మొదట కొలతలు ప్రారంభించిరి. ఎక్కడెక్కడ ఎంత వాన పడినది? ఏ చెఱువు ఏ వేళకు తెగినది? ఇండ్ల గోడలపై వఱద విడిచిన చారలు ఎంత యెత్తున నున్నవి? హైదరాబాదు రాజ్యమున వర్షమును కొలుచు కేంద్రములు తక్కువగుటచే ఇరుగుపొరుగు రాష్ట్రముల లెక్కలను సయితము తెప్పించిరి. వఱద ఉధృతముగానున్న వేళ మూసీలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారినదని తేలెను. నగరమందలి నదీమార్గము అంత నీటిని మోయలేదు. ఎంత పెద్ద గోడలు కట్టినను మోయలేదు.

ఈ యొక్క లెక్కతో మూడు పనుల వరుస తేలిపోయెను. నగరమును తిరిగి నిర్మింపవలెనన్న, నదీతీరపు గట్లు ఎంత ఎత్తుండవలెనో తెలియవలెను. గట్ల ఎత్తు తెలియవలెనన్న, ఎంత వఱద వచ్చునో తెలియవలెను. వచ్చు వఱదను ఎగువనే ఆపగలిగినచో గట్ల ఎత్తు తగ్గును. మురుగుకాలువల మట్టము నదీమట్టముపై ఆధారపడి యుండును గనుక అది వీనికి తరువాతిది. కనుక జనులు కోరుచున్న పని మొదటిది కాదు. కంటికి కానరాని పని మొదటిది. నగరమునకు ఎగువన మూసీపై నొకటి, దాని యుపనదియైన ఈసీపై నొకటి, రెండు జలాశయములు కట్టవలెనని వారు నిర్ణయించిరి. 1909 అక్టోబరు 1వ తేదీన తమ నివేదికను ప్రభుత్వమునకు సమర్పించిరి. అనగా వచ్చిన ఆఱునెలలలోపుననే! నగరమున నదికి ఇరువైపుల గట్లు, వానివెంట ఉద్యానవనములు నిర్మింపవలెనని కూడ అందు సూచించిరి. మురుగునీటి పథకమునకును రూపకల్పన చేసిరి.

మూసీపై జలాశయము 1920లో పూర్తియయ్యెను. అదియే గండిపేట యని మనము పిలుచు ఉస్మానుసాగరు. ఈసీపై హిమాయతుసాగరు 1927లో పూర్తియయ్యెను. ఆ రెండు నదులు లంగరుహౌసు సమీపమున బాపూఘాటువద్ద కలియును. జలాశయములు కట్టుట వఱద నాపుటకు. త్రాగునీరు తరువాతి ఫలము.

ఇచట మీరు ఒక విషయము గమనింపవలెను. వఱద నాపు జలాశయము ఎల్లప్పుడు నిండుగా నుండరాదు. వాన కారుమబ్బులు పట్టు వేళకు కొంత చోటు ఖాళీగా నుండవలెను. నిండియున్న జలాశయమునకు వఱద వచ్చినచో, వచ్చినదంతయు దిగువకు విడువవలసినదే. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున, పరీక్షలకు రెండునెలల ముందు పిల్లలు దినచర్య పట్టికలు వ్రాసి తెచ్చి చూపుచుండెడివారు. తెల్లవారుజామున నాలుగు గంటలనుండి రాత్రి పదునొకండు వఱకు గడిగడికి ఒక పాఠము. ఒక్క అరగంటయైనను ఖాళీ లేదు. మూడవనాడు జ్వరము వచ్చుటయో, చుట్టములు వచ్చుటయో జరిగెడిది, పట్టిక చిరిగెడిది. అట్టి పట్టికను చూచినపుడెల్ల నేను గండిపేటను గూర్చి చెప్పుచుండెడివాడను. దిల్‌సుఖ్‌నగరులో వీధివీధిని శిక్షణ కేంద్రములు వెలసిన తరువాత ఆ పట్టికలు మఱింత నిండుగా తయారైనవి.

విశ్వేశ్వరయ్యగారి దినచర్య అందఱెఱిగినదే. నడకకు, భోజనమునకు, పనికి, విశ్రాంతికి నియమిత సమయములుండెడివి. చేయవలసిన పనులను చిన్న పుస్తకమున వ్రాసికొనెడివారు. సభలో అయిదు నిముసములు మాటాడవలసియున్నను ముందుగా వ్రాసి, దిద్ది, తిరిగి వ్రాసికొనకుండ పోయెడివారు కారు. చూడవచ్చువారు నిర్ణీత సమయమునకు రావలెను. ముందు వచ్చినను, ఆలస్యముగా వచ్చినను వారికి సమ్మతము కాదు. ప్రభుత్వపు దీపము, సొంత దీపము అను కథను మీరు వినియే యుందురు. దానిని పెక్కుమంది మహనీయులకు ఆపాదించి చెప్పుట విన్నాను గనుక ఇచట వివరింపను.

1909 నవంబరున మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరువారు వారిని చీఫ్ ఇంజనీరుగా పిలిపించుకొనిరి. కావేరీనదిపై కన్నంబాడివద్ద ఆనకట్ట వారి సంకల్పము. ఖర్చు రెండున్నర కోట్ల రూపాయలకు పైబడును. ఆనాటి మైసూరునకు అది మోయరాని బరువు, ఆర్థికశాఖవారు జంకిరి. మహారాజు కొంతకాలము ఆలోచించి 1911లో అనుజ్ఞ నిచ్చిరి. మద్రాసు ప్రభుత్వముతో కావేరీ జలముల వివాదమొకటి. దీనికితోడు కోలారు బంగారుగనులకు 1915 నడిమికి అదనపు విద్యుచ్ఛక్తి నిచ్చెదమని మాట యిచ్చియుండిరి. శివసముద్రపు విద్యుత్కేంద్రమునకు వేసవిలో నీరందవలెనన్న, అప్పటికి ఆనకట్ట కొంత యెత్తు లేవవలెను.

మన్యపుజ్వరము ప్రబలెను. వేలకొలది కూలీలు పనిచేయుచుండిరి. వానకాలమున నది పొంగునంతలో పునాదులు పైకి తేవలెను. అది దాటినచో మఱుసటి వేసవివఱకు నదిని ముట్టుటకు వీలులేదు. పగలు చాలక రాత్రులందు పెద్దదీపముల వెలుగున పని సాగించిరి. విశ్వేశ్వరయ్యగారు ఏ వారమునకు ఎంత కట్టడము లేవవలెనో ముందే నిర్ణయించి, ఆ లెక్క తప్పినచోట కారణ మడుగుచుండిరి. ఇచ్చిన మాట నిలిచెను. సిమెంటు దొరకని ఆ దినములలో సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీతోనే కట్టిన ఆ ఆనకట్ట మొత్తము 1930 దశాబ్దపు ఆరంభమునకు గాని పూర్తికాలేదు. కృష్ణరాజసాగరమని దాని పేరు.

1912లో వారు మైసూరు దివానులైరి. పదవి స్వీకరించుటకు ముందు బంధువులను పిలిచి, తమవద్దకు ఎవ్వరును సిఫారసులతో రారాదని మాట తీసికొనిరని చెప్పుదురు. ఆఱు సంవత్సరముల దివానుగిరిలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయము, గంధపు నూనె కర్మాగారము మొదలైనవి వెలసెను. అన్నిటికంటె గొప్పదిగా నాకు తోచునది పాఠశాలలు పెరుగుట, నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టము వచ్చుట.

అయినను వారి తీర్పు అన్నిచోట్ల నిర్దుష్టమని నేను చెప్పజాలను. వెనుకబడిన వర్గములవారికి ప్రభుత్వోద్యోగములలో తగు పాలు ఈయవలెనని మహారాజు సంకల్పింపగా, యోగ్యత తగ్గునేమోయని దివాను సంశయించిరి. ముందు విద్య వ్యాపింపవలె, ఉద్యోగములు పిమ్మట యని వారి వరుస. తరతరములుగా తలుపు వెలుపల నిలిచినవారికి ఆ వరుస నచ్చలేదు. నచ్చకుండుట న్యాయమేయని నా యభిప్రాయము. ఆనకట్టకు పనికివచ్చిన లెక్క మనుష్యులకు సరిపడదు. 1918లో వారు పదవిని విడిచిరి.

పదవి పోయినను పని పోలేదు. నష్టములతో కుంటుచున్న భద్రావతి ఉక్కు కర్మాగారమును చేతపట్టి నడిపించిరి. తమకు రావలసిన జీతమును వృత్తివిద్యాలయ స్థాపనమునకు ఒసంగిరి. ఆ విద్యాలయము 1943లో బెంగుళూరున ఏర్పడెను. భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ కావలెనని 1934లో గ్రంథము వ్రాసిరి. అప్పటికి ఆ మాట మన నాయకులలో పెక్కుమందికి క్రొత్త.

హైదరాబాదు వారిని మరువలేదు. 1922లోను, ఆ పిమ్మటను ఇచటి ప్రభుత్వము పిలిపించి, చివర మిగిలియున్న మూడవపనిని, అనగా మురుగునీటి కాలువలను గూర్చి వారి సలహా గొనెను. నగరమందలి భూమి తూర్పునకు వాలియుండుటచే మురుగు తూర్పునకే రావలెను. నేడు అంబరుపేటలోను, నాగోలులోను ఆ నీటిని శుద్ధిచేయు కేంద్రములు కలవు. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ఆనాడు నగరమునకు వెలుపలి పొలములు. వారి పటములలో ఆ పేర్లు లేవు. తరువాతి కాలమున అచట కాలనీలు లేచునపుడు, కట్టడము ముందు, కాలువ వెనుక అను వరుస నడచెను. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో పడిన పెనువానకు సరూరునగరు, ఎల్.బి. నగరు ప్రాంతములందు పెక్కు కాలనీలు నీట మునిగెను. చెఱువులు పొంగి నీరు తన పాతదారి వెదకికొనెను. మా వీధిలో మోకాలిలోతు నీరు రెండు దినములు నిలిచెను. పై అంతస్తునకు పుస్తకములు మోసికొనుచు నేను తఱచు తలచుకొన్నది ఆ 788 చెఱువుల లెక్కను.

తొంబది యేండ్లు దాటిన పిమ్మటకూడ విశ్వేశ్వరయ్యగారు గంగానదిపై వంతెనకు తగుచోటు నిర్ణయించుటకై బీహారునకు పోయి స్వయముగా ప్రదేశములను పరిశీలించిరి. 1955లో భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదము నొసంగెను. 1962 ఏప్రిలులో, నూఱేండ్లు నిండిన పిమ్మట, బెంగుళూరున వారు స్వర్గస్థులైరి. అంత్యక్రియలు పుట్టినయూరైన ముద్దేనహళ్ళిలో జరిగెను. వారి పుట్టినదినమును దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు. హైదరాబాదున ఖైరతాబాదులోని ఇంజనీర్ల భవనమునకు వారి పేరే పెట్టిరి. దాని యెదుట తలపాగాతో నిలిచిన వారి విగ్రహము కలదు.